అరోరా రంగులు సరే, కరెంటు సంగతేమిటి?

2024 మే 10వ తేదీ రాత్రి లడక్‌లోని హాన్లే దగ్గర ఆకాశం ఎర్రబడింది. అక్కడి వేధశాల కెమెరాలకు చిక్కిన ఆ ఫొటోలు రెండు రోజుల్లో దేశమంతా తిరిగాయి. పేపర్లలో పడ్డాయి, టీవీలో వచ్చాయి, ఫోన్లలో చేతులు మారాయి. అంత పెద్ద అయస్కాంత తుఫాను 2003 తర్వాత రాలేదని నిపుణులు చెప్పారు. ఆ ఫొటోల కింద రాసిన నాలుగు ముక్కలూ మేమూ చదివాం. ఆక్సిజన్ అయితే ఎరుపు, ఆకుపచ్చ. నైట్రోజన్ అయితే నీలం, ఊదా. అంతే! అక్కడితో వార్త అయిపోయింది.

మా అభిప్రాయం ఏమిటంటే, అరోరాలో రంగు అనేది ఆఖరి మజిలీ. పైనుంచి దూసుకొచ్చిన ఎలక్ట్రాన్ గాలి అణువును గుద్దుకుంటే వచ్చేది ఆ వెలుగు. ఆ ఎలక్ట్రాన్‌ను తోసింది ఎవరు? ఎంత బలంతో తోశారు? ఆ తోపుడు నిలకడగా ఉందా, ఎగుడుదిగుడుగా ఉందా? అసలు కథ ఇక్కడుంది. దాని పేరు విద్యుత్ క్షేత్రం. అది సాఫీగా ఉండదనీ, వరద గోదారిలా సుడులు తిరుగుతుందనీ, ఆ సుడులకు కూడా ఒక లెక్క ఉందనీ చెప్పడానికే ఈ వ్యాసం.

వార్షికోత్సవ సంచికలో ఇదేం విషయం అని కొందరు మిత్రులు అడుగుతారని తెలుసు. ప్రతి ఏడూ ఇందులో విద్య విలువ, క్రమశిక్షణ, నీటి పొదుపు, తల్లిదండ్రుల త్యాగం మీద వ్యాసాలు వస్తాయి. అవి ఉండాల్సిందే. కానీ "ఉత్తర ధ్రువంతో మనకేం పని?" అన్న మాట ఉంది చూశారూ, దానికి మేం ఒప్పుకోం. పొలం పనికి, కూలికి పోయే ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు బల్బు ఎలా వెలుగుతుందో చదివితే చాలు, ఆకాశం ఎలా వెలుగుతుందో వేరేవాళ్లు చదువుతారు అన్న ఆలోచన దాని వెనకాల దాక్కుని ఉంటుంది. ఈ విషయానికి కావలసిన ఫిజిక్సులో సగానికి పైగా మన ఇంటర్ పుస్తకంలోనే ఉంది. చివరిదాకా చదివి మీరే చెప్పండి.

ముందు పెద్దాయన ఒకరిని తలచుకోవాలి. క్రిస్టియన్ బిర్క్‌ల్యాండ్. నార్వే దేశస్థుడు, 1867లో పుట్టాడు. గాలి తీసేసిన గాజు పెట్టెలో ఒక అయస్కాంత గోళాన్ని వేలాడదీసి, దాని మీదికి ఎలక్ట్రాన్ల ధార వదిలాడు. గోళం రెండు ధ్రువాల చుట్టూ వెలుగు ఉంగరాలు కట్టాయి. భూమికి ఇది బొమ్మ అన్నమాట! ఉత్తర నార్వేలో మంచు కొండల మీద వేధశాల కట్టించి, చలికాలమంతా మనుషుల్ని ఉంచి, అయస్కాంత సూదులు ఎలా కదులుతున్నాయో రాయించాడు. ఆ లెక్కలు చూసి, అయస్కాంత బలరేఖల వెంట పైనుంచి కరెంటు దిగుతోంది, అడ్డంగా ప్రవహించి మళ్లీ పైకి పోతోంది అన్నాడు.

ఇంగ్లండుకు చెందిన సిడ్నీ చాప్‌మన్ గొప్ప గణితవేత్త. కరెంటంతా భూమి చుట్టూ ఉన్న పొరల్లోనే తిరుగుతోందని ఆయన లెక్క కట్టాడు. నేల మీద పెట్టిన సూదుల్ని మాత్రమే చూస్తే ఎవరి మాట నిజమో తేల్చడం కష్టం. చాప్‌మన్ లెక్క అందంగా ఉంది, పేరూ పెద్దది. బిర్క్‌ల్యాండ్ 1917లో టోక్యోలో చనిపోయాడు. ఆయన మాట దాదాపు యాభై ఏళ్లు పక్కన పడి ఉంది. 1960లలో అమెరికా నౌకాదళం ఉపగ్రహం ఒకటి సుమారు 1100 కిలోమీటర్ల ఎత్తులో ఎగురుతూ అరోరా ప్రాంతం దాటిన ప్రతిసారీ అయస్కాంత క్షేత్రంలో వణుకు చూపించింది. 1970లలో ట్రయాడ్ అనే ఉపగ్రహం సందేహం లేకుండా తేల్చింది. కరెంటు బలరేఖల వెంటే దిగుతోంది! ఇప్పుడు వాటిని బిర్క్‌ల్యాండ్ కరెంట్లనే పిలుస్తున్నారు. తర్వాత నార్వే తన 200 క్రోనర్ల నోటు మీద ఆయన బొమ్మ కూడా వేసింది.

ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేకపోతున్నాం. ఈ యాత్రలకు డబ్బు కావాలి కదా. విద్యుత్ చాపంతో గాలిలోని నైట్రోజన్‌ను ఎరువుగా మార్చే పద్ధతిని శామ్ ఐడ్ అనే ఇంజనీరుతో కలిసి 1903లో ఆయన కనిపెట్టాడు. నార్స్క్ హైడ్రో కంపెనీ 1905లో పుట్టింది ఆ పద్ధతి మీదనే. తర్వాత హేబర్ పద్ధతి వచ్చి దాన్ని వెనక్కి నెట్టింది. ఇంట్లో యూరియా బస్తా చూసిన ప్రతివాడికీ ఎరువుకూ ఆకాశానికీ మధ్య ఉన్న ఈ దూరపు చుట్టరికం తెలియాలని మా కోరిక.

ఇక విద్యుత్ క్షేత్రం దగ్గరకు వద్దాం. అరోరా ఉండే ఎత్తుల్లో, అంటే వంద కిలోమీటర్ల పైన ఐనావరణంలో, ఈ క్షేత్రం మామూలుగా మీటరుకు కొన్ని పదుల మిల్లీవోల్టులు. ఇంతేనా అనిపిస్తుంది. ఎండకాసే రోజున నేల దగ్గర గాలిలోనే మీటరుకు సుమారు 100 వోల్టులు ఉంటుంది, మనకు తెలియనే తెలియదు. మరి అందులో వెయ్యో వంతు కూడా లేని దానికి ఇంత హడావుడి ఎందుకు?

ఎందుకంటే అక్కడున్నది మామూలు గాలి కాదు, ప్లాస్మా. అందులో విడివిడిగా తిరిగే ఎలక్ట్రాన్లు, అయాన్లు ఉన్నాయి. విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం ఒకదానికొకటి అడ్డంగా ఉంటే ఆవేశ కణం ఏ వేగంతో పోతుందో సీనియర్ ఇంటర్ పుస్తకంలో చదివాం. విద్యుత్ క్షేత్రాన్ని అయస్కాంత క్షేత్రంతో భాగిస్తే వేగం. ఇక్కడ అదే సూత్రం వేయండి. విద్యుత్ క్షేత్రం మీటరుకు 50 మిల్లీవోల్టులు, అంటే 0.05. ధ్రువాల దగ్గర అయస్కాంత క్షేత్రం సుమారు 0.00005 టెస్లా. భాగిస్తే 1000. సెకనుకు వెయ్యి మీటర్లు! ఆ చిన్న క్షేత్రమే ప్లాస్మానంతటినీ సెకనుకు కిలోమీటరు వేగంతో నడిపిస్తోంది. ఎక్స్‌ప్రెస్ రైలు దాని ముందు నత్త.

ఈ లెక్కలో మరో విశేషం ఉంది. వేగం, విద్యుత్ క్షేత్రం ఒకదాని వెంట ఒకటి పోతాయి కాబట్టి, విద్యుత్ క్షేత్రం కొలిస్తే ప్రవాహాన్ని కొలిచినట్టే. క్షేత్రం ఎగుడుదిగుడుగా ఉంటే ప్రవాహం ఎగుడుదిగుడుగా ఉన్నట్టే. కాబట్టి అరోరా విద్యుత్ క్షేత్రంలో సంక్షుబ్ధత ఉందా అన్న ప్రశ్న నిజానికి నదిలో సుడులున్నాయా అన్న ప్రశ్నే. పాఠంలో మనం చదివిన సంక్షుబ్ధ ప్రవాహం ఇదే. ఆ పాఠంలో దానికి రెండు వాక్యాలు, ధారారేఖా ప్రవాహానికి రెండు పేజీలు ఇవ్వడం మాకు నచ్చని సంగతి. లోకంలో ఎక్కువగా ఉన్నది ఏది? పొయ్యి మీది పొగ, కాలువ తూము కింది నీళ్లు, గాలివాన ముందు వచ్చే గాలి, అన్నీ సంక్షుబ్ధాలే. పరీక్షకు లెక్క ఇవ్వడానికి వీలుగా ఉన్నది కాబట్టి రెండోదాన్ని నేర్పుతున్నారు.

సంక్షుబ్ధ ప్రవాహానికి లెక్క లేదని కాదు. 1941లో రష్యన్ గణితవేత్త కోల్మొగొరోవ్ ఒక లెక్క ఇచ్చాడు. పెద్ద సుడి విరిగి చిన్న సుడులవుతుంది. అవి విరిగి ఇంకా చిన్నవవుతాయి. శక్తి మెట్లు దిగినట్టు దిగుతూ వచ్చి, చివరికి మరీ చిన్న సుడుల్లో వేడిగా మారి ఆగిపోతుంది. మొదటి మెట్టుకూ చివరి మెట్టుకూ మధ్యలో ప్రవాహానికి తనకంటూ ఒక సైజు తెలియదు. కిలోమీటరు సుడి చూసినా, మీటరు సుడి చూసినా తీరు ఒకటే. దీన్నే స్కేలింగ్ అంటారు. మునగ రెమ్మ చూడండి. పెద్ద కాడకు చిన్న కాడలు, వాటికి ఇంకా చిన్న కాడలు, వాటికి ఆకులు. ముక్క తుంచి దగ్గరగా పెట్టుకుంటే పెద్ద రెమ్మలాగే ఉంటుంది. ఎంత పెద్దదాన్ని చూస్తున్నామో పక్కన అగ్గిపెట్టె పెడితే గాని చెప్పలేం.

కోల్మొగొరోవ్ లెక్క ప్రకారం ఏ సైజు సుడిలో ఎంత శక్తి ఉందో గ్రాఫు గీస్తే, రెండు అక్షాలకూ లాగరిథం తీసుకుంటే, అది సరళరేఖ అవుతుంది. దాని వాలు మైనస్ 5/3. లాగ్ టేబుల్ తీయండి. 1.6667కు ఆంటీలాగ్ 46.4. అంటే సైజు పదో వంతుకు తగ్గితే శక్తి సాంద్రత సుమారు 46 వంతులు తగ్గుతుంది. ప్రతి పది రెట్లకూ అంతే. మధ్యలో ఎక్కడా ఆగదు, తొందరపడదు.

మరి అరోరాలో ఏం కనిపించింది? 1981 ఆగస్టు 3న అమెరికా ఒకే రాకెట్టుతో రెండు ఉపగ్రహాలు పంపింది. డైనమిక్స్ ఎక్స్‌ప్లోరర్ 1, 2 వాటి పేర్లు. ఒకటోది చాలా ఎత్తుకు పోయింది. రెండోది కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ విద్యుత్ క్షేత్రాన్ని కొలిచి, 1983లో భూమి గాలిలోకి దిగి కాలిపోయింది. రెండేళ్లు కూడా నిండలేదు. కానీ అది పంపిన అంకెలు కాలిపోలేదు. ఇరవై ఏళ్లు దాటాక, రష్యా ఉత్తరాన కోలా ద్వీపకల్పంలో అపాతితీ అనే చిన్న ఊళ్లో ఉన్న ధ్రువ భూభౌతిక సంస్థలో గొలొవ్‌చాన్‌స్కయా, కొజెలొవ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అవే అంకెలు తీసి మళ్లీ లెక్క కట్టారు. కిలోమీటరు కంటే తక్కువ దూరాల నుంచి వందల కిలోమీటర్ల దాకా ఎగుడుదిగుళ్లలో స్కేలింగ్ కనబడింది. కొత్త ఉపగ్రహం లేదు. పాత అంకెలు, కొత్త ప్రశ్న, అంతే. ఈ సంగతి మన జూనియర్ తమ్ముళ్లు బాగా గుర్తుంచుకోవాలి, ఎందుకో చివర్లో చెబుతాం.

ఆ రెండు ఉపగ్రహాల వల్ల ఇంకో గొప్ప విషయం తెలిసింది. అప్పుడప్పుడు రెండూ ఒకే బలరేఖ మీద, ఒకటి పైన, ఒకటి కింద ఉండేవి. బలరేఖ మంచి రాగి తీగలాంటిదైతే పై క్షేత్రమే కిందా కనబడాలి. వందల కిలోమీటర్ల వెడల్పున్న క్షేత్రాలు అలాగే కనబడ్డాయి. చిన్న వెడల్పులవి మాత్రం పైన గట్టిగా ఉన్నాయి, కింద లేవు! అంటే మధ్యలో తీగ తెగినట్టు ఎక్కడో వోల్టేజీ పడిపోతోంది. ఆ పడిపోయిన కొన్ని వేల వోల్టులే ఎలక్ట్రాన్లను కిందికి తోస్తున్నాయి. అంతకుముందే, 1976లో ఎగిరిన ఎస్3-3 అనే ఉపగ్రహం కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తులో మీటరుకు వందల మిల్లీవోల్టుల క్షేత్రాలను చూసింది. హాన్లేలో ఫొటో తీసిన ఎరుపూ, నార్వేలో ఏటా కనిపించే ఆకుపచ్చా మామూలుగా ఒకే కారణంతో రావంటారు, నిజమే. కానీ ధ్రువాల దగ్గర తెరల్లా ఊగే అసలు అరోరాను నడిపించేది ఈ వోల్టేజీయే.

ఇంతవరకూ అందరూ ఒప్పుకునే మాటలే. ఇప్పుడు గొడవ మొదలవుతుంది, మా అభిప్రాయమూ మొదలవుతుంది.

లాగ్ గ్రాఫు మీద గీత తిన్నగా వచ్చింది కాబట్టి అది సంక్షుబ్ధత అనేయవచ్చా? వద్దంటాం మేము. లాగ్ కాగితం చాలా మంచి మనసు గలది. వంకరలన్నిటినీ కప్పిపుచ్చుతుంది. కొంచెం వంగిన గీతను కూడా స్కేలు పెట్టి తిన్నగా గీసేయవచ్చు. ల్యాబులో రీడింగులు రాని రోజున మనలో కొందరు ఏం చేస్తారో పేర్లు చెప్పనక్కర్లేదు.

పైగా ఉపగ్రహం సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో పోతుంది. గుడ్డలోంచి సూది దూసుకుపోయినట్టు అది ఒక్క గీత వెంట మాత్రమే చూస్తుంది. దానికి కనబడిన ఎగుడుదిగుడు ఆ చోట అలాగే నిలబడి ఉన్నదా, లేక అది దాటుతున్న క్షణంలోనే మారిందా? ఒక్క సూదితో చెప్పలేం. పక్కపక్కనే రకరకాల వెడల్పుల్లో కదలకుండా నిలబడిన అరోరా తెరలున్నాయనుకోండి. వాటిని కోసుకుంటూ పోయినా అలాంటి గీతే రావచ్చు. అందులో సుడీ లేదు, విరగడమూ లేదు. నది కాదది, దండెం మీద ఆరేసిన బట్టల వరస. అలాగే బలరేఖల వెంట తీగ మీద అలల్లా కిందికీ పైకీ పరిగెత్తే ఆల్ఫ్‌వెన్ తరంగాలున్నాయి. 1942లో వాటిని ఊహించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు హానెస్ ఆల్ఫ్‌వెన్‌కు 1970లో నోబెల్ వచ్చింది. ఐనావరణానికి తగిలి వెనక్కి మళ్లే ఆ తరంగాలు ఒకదానితో ఒకటి కలిసినా ఎగుడుదిగుళ్లు వస్తాయి.

ఇసుక కుప్ప సంగతి వేరే ఉంది. 1987లో పెర్ బాక్, మరో ఇద్దరు కలిసి ఒక ఆలోచన ఇచ్చారు. ఇసుకను గింజ గింజగా పోస్తూ పోతే కుప్ప ఒక వాలుకు వచ్చి ఆగుతుంది. ఆ తర్వాత ఒక్క గింజకే చిన్న జారుడైనా రావచ్చు, పెద్ద జారుడైనా రావచ్చు. జారుళ్ల సైజులకు కూడా లాగ్ గ్రాఫు మీద సరళరేఖే వస్తుంది. భూమి అయస్కాంత తోక ఇలాంటి కుప్పేననీ, సూర్యుడి నుంచి వచ్చే గాలి దాని మీద శక్తిని గింజలు గింజలుగా పోస్తోందనీ కొందరన్నారు. పోలార్ ఉపగ్రహం తీసిన అరోరా చిత్రాల్లో వెలుగు మచ్చల సైజులు లెక్కపెట్టి 2002లో అలాంటి గీతే చూపించారు. సుడులు కావాలన్నా గీతే, ఇసుక కావాలన్నా గీతే! సాక్షి ఇద్దరి పక్షానా ఒకే మాట చెబుతుంటే ఆ సాక్ష్యంతో తీర్పు ఎలా ఇస్తాం?

వాలు విలువ చూసి తేల్చవచ్చు కదా అంటారు. ఇక్కడా చిక్కే. బలమైన అయస్కాంత క్షేత్రం ఉన్నచోట ప్లాస్మా దానికి అడ్డంగానే కదులుతుంది కాబట్టి అది దాదాపు రెండు పరిమాణాల ప్రవాహం, పళ్లెంలో పోసిన నీళ్లలాంటిది. అలాంటి ప్రవాహంలో శక్తి చిన్న సుడుల నుంచి పెద్ద సుడులకు ఎదురెక్కగలదని 1967లో క్రైక్నన్ లెక్క కట్టాడు. ఒకచోట మైనస్ 5/3, ఇంకోచోట మైనస్ 3 రావాలి. నిజంగా కొలిస్తే వచ్చే వాలు చోటును బట్టి, పూటను బట్టి మారుతుంది. ఒక్క అంకె పట్టుకుని పేరు పెట్టడం తొందరపాటు అవుతుంది.

మరి దేన్ని నమ్మాలి? ఎగుడుదిగుళ్ల తీరును నమ్మాలంటాం. రెండు చోట్ల క్షేత్రాల మధ్య తేడా తీసుకోండి. ఆ రెండు చోట్లూ బాగా దూరంగా ఉంటే, తేడాలన్నీ గంట ఆకారపు గ్రాఫులో సర్దుకుంటాయి. దగ్గరికి తెస్తూ పోతే గంట ఆకారం చెడిపోతుంది. ఎక్కువసార్లు తేడా దాదాపు సున్నా, కానీ ఎప్పుడో ఒకసారి ఊహించనంత పెద్ద దూకుడు. గాలివానకు ముందు గాలి స్తంభించి, ఉన్నట్టుండి తలుపు కొట్టేస్తుందే, అలా. కోల్మొగొరోవ్ మొదటి లెక్కలో ఇది లేదు. 1962లో ఆయనే దాన్ని సవరించాడు. అరోరాలోకి పంపిన రాకెట్టు కొలతల్లోనూ ఈ దూకుడు కనిపించిందని 2005లో ఒక బృందం ప్రకటించింది. వాలు కంటే ఇది గట్టి సాక్ష్యం అని మా అభిప్రాయం. ఎందుకంటే కాగితం మీద స్కేలు పెట్టి దూకుడును తయారు చేయలేం. అది అంకెల్లో ఉంటేనే ఉంటుంది.

ఈ తేడా పండితుల పట్టింపు కాదు. డబ్బుతో, పనితో సంబంధం ఉన్న విషయం. ఎలాగో మన హాస్టల్ కరెంటుతో చెబుతాం.

సాయంత్రం అందరూ మోటార్లు వేసినప్పుడు వోల్టేజీ 150కి పడిపోయిందనుకోండి. అర్ధరాత్రి 250కి లేచిందనుకోండి. సగటు 200. రిపోర్టు రాసేవాళ్లు 200 అని రాస్తారు, కొంచెం తక్కువే గాని పరవాలేదు అంటారు. కానీ బల్బు సగటుతో వెలగదు. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 200 వర్గం 40,000. 150 వర్గం 22,500, 250 వర్గం 62,500, ఈ రెంటి సగటు 42,500. సగటు తీసి వర్గం చేసినదానికంటే వర్గం చేసి సగటు తీసినది ఎప్పుడూ ఎక్కువే. ఆ తేడా ఎగుడుదిగుళ్ల వల్ల వచ్చిన వేడి. మాడిపోయిన బల్బుకు కారణం అక్కడుంది, సగటులో లేదు.

పైన గాలి వేడెక్కడం కూడా సరిగ్గా ఇదే సూత్రం. ఐనావరణంలో విద్యుత్ క్షేత్రం వర్గాన్ని బట్టి వేడి పుడుతుంది. కంప్యూటర్లలో వేసే నమూనాలు సాఫీగా చేసిన సగటు క్షేత్రాన్ని తీసుకుంటే వేడి తక్కువ వస్తుంది. క్షేత్రంలోని ఎగుడుదిగుళ్లను వదిలేయడం పెద్ద లోపమని 1995లో కోడ్రెస్కు, మరి ఇద్దరు స్పష్టంగా రాశారు. గాలి వేడెక్కితే ఉబ్బి పైకి లేస్తుంది, తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలకు అడ్డు పెరుగుతుంది. 2022 ఫిబ్రవరి 3న స్టార్‌లింక్ 49 ఉపగ్రహాలు పంపింది. ఆ సమయంలో వచ్చిన అయస్కాంత తుఫాను పెద్దదేమీ కాదు, ఓ మాదిరిది. అయినా గాలి చిక్కబడి 38 ఉపగ్రహాలు పైకి పోలేక రాలిపోయాయి. వేడి అంచనా ఎంత సరిగ్గా ఉండాలో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఎగుడుదిగుళ్లకు స్కేలింగ్ ఉందంటే దానివల్ల లాభం ఇదే. పెద్ద సైజులను కొలిచి, కొలవలేని చిన్న సైజుల్లో ఎంత శక్తి దాగి ఉందో అంచనా కట్టవచ్చు. అందుకే అది నిజమైన స్కేలింగో, కాగితం చేసిన మర్యాదో ముందు తేలాలి. మునగ రెమ్మ కూడా మూడు మెట్లకు ఆకు దగ్గర ఆగిపోతుంది కదా! ఎక్కడ ఆగుతుందో తెలియకుండా గీతను పొడిగించుకుంటూ పోతే వచ్చేది లెక్క కాదు, కోరిక.

సగటు మీద మాకున్న కోపం ఆకాశానికే పరిమితం కాదని చదివేవాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. హాస్టళ్ల గురించి వచ్చే ప్రతి అంకే సగటే. పిల్లవాడికి సగటు ఖర్చు, సగటు హాజరు, సగటు మార్కు. నెలాఖరులో పప్పు పలచబడిన వారం ఏ సగటులోనూ కనబడదు. ఇక్కడితో ఆపుతాం, ఇది ఫిజిక్సు వ్యాసం.

ఇదంతా ధ్రువాల గొడవ, మన దగ్గర ఏముంది అంటే, ఉంది. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే అక్కడి పెద్ద రాడారు మన నెత్తిమీది ఐనావరణంలోని ఎగుడుదిగుళ్లను చూస్తుంది. మన వైపు అరోరా రాదు గాని, సాయంత్రం పొద్దుగూకాక ఐనావరణంలో బుడగలు లేస్తాయి. ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలు వాటిలో చిక్కి మినుకుమినుకుమంటాయి. కారణాలు వేరు, కానీ వాటిని కొలిచే గణితం ఇదే. లాగ్ గ్రాఫు ఇదే, వాలు ఇదే, గంట ఆకారం చెడిపోవడమూ ఇదే. సూర్యుడి నుంచి వచ్చే గాలిని కనిపెట్టి చూసే ఆదిత్య-ఎల్1 మన శ్రీహరికోట నుంచే 2023 సెప్టెంబరు 2న ఎగిరింది. అంటార్కిటికాలో మన దేశం నడిపే మైత్రి కేంద్రం దగ్గర అయస్కాంత కొలతలు తీసుకుంటున్నారు. అక్కడికి వెళ్లేవాళ్లలో మన హాస్టల్ పిల్లవాడు ఎందుకు ఉండకూడదు?

పాత అంకెలను గుర్తుంచుకోమన్నది ఇందుకే. డైనమిక్స్ ఎక్స్‌ప్లోరర్ కొలతలు నాసా భాండాగారంలో ఉచితంగా ఉన్నాయి. ఐరోపా వాళ్లు 2013లో పంపిన స్వార్మ్ ఉపగ్రహాల కొలతలూ ఉచితమే. ఆదిత్య కొలతలు ఇస్రో ఇస్తోంది. వీటికి ఫీజు లేదు, కోటా లేదు, సిఫారసు అక్కర్లేదు. కావలసింది ఒక కంప్యూటరు, నెట్, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు. మా హాస్టల్లో కంప్యూటర్ గది ఉంది, దానికి తాళమూ ఉంది. పిల్లలు పాడుచేస్తారని భయం. తాళం వేసి ఉంచిన కంప్యూటరు కూడా పాడవుతుంది, కాకపోతే ఎవరికీ పనికిరాకుండా పాడవుతుంది. ఆదివారం రెండు గంటలు సీనియర్ల బాధ్యత మీద తెరవాలని వార్డెన్ సారుకు ఈ వ్యాసం ద్వారా విన్నవించుకుంటున్నాం. రిజిస్టరు మేమే రాస్తాం. మౌసు పోతే మేమే చందా వేసుకుంటాం.

తాళం తీసేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. ఆసక్తి ఉన్న తమ్ముళ్లు ఈ పని చేయండి. ఫిజిక్స్ ల్యాబులోని మల్టీమీటరు లెక్చరర్ గారిని అడిగి తీసుకుని, ప్లగ్గు దగ్గర ఆయన్నే నిలబెట్టి, సాయంత్రం ఆరు నుంచి నిమిషానికోసారి వోల్టేజీ రాయండి. రెండు గంటలకు 120 అంకెలు వస్తాయి. పక్కపక్క అంకెల తేడాలు తీసి, గుర్తు వదిలేసి సగటు కట్టండి. తర్వాత రెండు నిమిషాల దూరంలో ఉన్నవాటి తేడాలు, తర్వాత నాలుగు, తర్వాత ఎనిమిది, పదహారు. ఐదు చుక్కలు వస్తాయి. వాటిని లాగ్ కాగితం మీద పెట్టండి. అపాతితీ వాళ్లు చేసిన పని మొదటి మెట్టు ఇదే. గీత తిన్నగా వస్తే సంతోషించకండి, వంకరగా వస్తే బాధపడకండి, స్కేలు మాత్రం చుక్కలన్నీ పెట్టాకే తీయండి. లాగ్ కాగితాలు మా రూములో డజను దాకా ఉన్నాయి, సెకండ్ ఫ్లోర్ చివర. స్టడీ అవర్ అయ్యాక వచ్చి తీసుకెళ్లండి.